ఐదు సంతకాలు, ఒక స్టిక్కరు

"ఇకమీదట ఒక ముక్కకి ఒకటే అభిప్రాయం. రెండో అభిప్రాయానికి ఈ ప్రభుత్వంలో చోటు లేదు!"

ఆరోగ్యశాఖ మంత్రిగారు పత్రికలవారి ముందు ఈ చరిత్రాత్మక ప్రకటన చేసినప్పుడు నేను ఆయనకి రెండడుగుల దూరంలోనే ఉన్నాను. మైకు స్టాండు విరిగిపోవడంతో మైకు పట్టుకుని నిలబడింది నేనే. ఆ రకంగా ఆ ప్రకటనలో నా హస్తం కూడా ఉందని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

నిజానికి నా ఉద్యోగం మైకు పట్టుకోవడం కాదు. పెద్దాసుపత్రి పాథాలజీ విభాగంలో టెక్నీషియన్ని. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కలు మా దగ్గరికొస్తాయి. వాటిని మైనపు దిమ్మల్లో బిగించి, వెంట్రుక మందంలో పదిహేనో వంతు పల్చగా కోసి, గాజుపలక మీద పరిచి, గులాబీ, ఊదా రంగులు వేసి స్లైడు తయారుచేస్తాను. డాక్టర్లు దాన్ని మైక్రోస్కోపులో చూసి సంగతేమిటో చెప్తారు. ఇరవై రెండేళ్లుగా నేను కోస్తున్నాను, వాళ్లు చెప్తున్నారు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

ఇబ్బందల్లా ఒక పత్రికలో పడ్డ చిన్న వార్తతో వచ్చింది. పెద్దపేగులో మొలిచే బుడిపెల్లో ఒక్కోసారి కేన్సరు తొలి దశలో ఉంటుంది. అది పైపొరలోనే ఆగిపోతే బుడిపె తీసెయ్యడంతో సరి, మనిషి ఇంటికెళ్లిపోవచ్చు. కింది పొరలోకి లోతుగా దిగితే మాత్రం ఆ పేగు భాగమే కోసి తియ్యాలి. దిగిందా లేదా అన్నది స్లైడు చూసి చెప్పాలి. ఎవరో అలాంటి స్లైడులు ఇరవై మా ఐదుగురు డాక్టర్లకీ విడివిడిగా చూపించారు. ఎనిమిదింటి మీద ఐదుగురూ ఒకే మాట అన్నారు. మిగతా పన్నెండింటి మీద తలో మాటా అన్నారు. అవే స్లైడులు రెండు నెలలాగి మళ్లీ చూపిస్తే, ముగ్గురు డాక్టర్లు మొదట తామన్నదానితోనే విభేదించారు.

"ఇది ఫిరాయింపు!" అన్నారు మంత్రిగారు మైకులో. "ఒకే ముక్క, ఐదుగురు డాక్టర్లు, నాలుగు అభిప్రాయాలు! మా పార్టీలో కూడా ఇన్ని ముఠాలు లేవు."

విలేకరులు నవ్వారు. మంత్రిగారు నవ్వలేదు. ముప్పై రోజుల్లో నూటికి నూరు శాతం ఏకాభిప్రాయం సాధిస్తామని, పథకం పేరు కూడా 'ఏకాభిప్రాయం' అని చెప్పి, టీ తాగి వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం మా అక్క కొట్టుకి వెళ్లాను. మా అక్క స్కూలు యూనిఫాంలు కుడుతుంది. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, గోడకి వరసగా వేలాడే నీలం నిక్కర్లు. అక్కకి మూడు నెలలుగా మధ్యమధ్య రక్తం పడుతోంది. పేగులో కెమెరా పెట్టి చూడ్డానికి మూడు వారాల తరవాత తేదీ ఇచ్చారు. చిన్నప్పట్నించి నన్ను పెంచింది అక్కే, అందుకని ఆ తేదీ ఆవిడకన్నా నాకే ఎక్కువ గుర్తుంటోంది.

మంత్రిగారి ప్రకటన సంగతి చెప్తే సంతోషించింది.

"ఐదుగురూ ఒకే మాట చెప్తే మంచిదే కదరా. కాళ్లరిగేలా తిరిగే పని తప్పుతుంది." దారం పళ్లతో కొరికి తెంపింది. "అసలు వాళ్లందులో చూసేదేమిటి?"

"పైన ఒక పొర ఉంటుందక్కా, కింద ఇంకోటి. పైనే ఆగిందా, కిందికి దిగిందా అని చూస్తారు."

"అంటే మరక పైబట్టకే ఉందా, లైనింగుకి కూడా పట్టిందా అని."

"అంతే."

"దానికంత గొడవ దేనికిరా? తిరగేసి చూస్తే తెలీదూ?" అని చేతిలో నిక్కరు తిరగేసి చూపించింది. అక్క చేతికి ఏ బట్టొచ్చినా ముందు తిరగేసి చూస్తుంది. పనివాళ్ల మోసాలన్నీ లోపలివైపే ఉంటాయని ఆవిడ నమ్మకం.

రెండో వారంలో మంత్రిగారు స్వయంగా మా విభాగానికి విచ్చేశారు. ఐదుగురు ఒకేసారి చూడగలిగే ఐదు తలల మైక్రోస్కోపు మా దగ్గరుంది. మంత్రిగారు ఒక తల దగ్గర కూచుని తొంగిచూశారు.

"కార్పెట్టు బావుంది. ఎక్కడ నేశారు?"

"పేగు సార్," అన్నారు మా పెద్ద డాక్టరుగారు.

"ఎవరిది?"

"పేరు తెలీదు సార్. మాకు నంబరే ఉంటుంది."

"మనకి ఓటేసినవాడేనా?" అని మంత్రిగారు నవ్వారు. డాక్టర్లు కూడా నవ్వారు. పథకంలో నమోదైన తొలి ఏకాభిప్రాయం అదేనని పక్కనున్న పీఏగారు డైరీలో రాసుకున్నారు.

నవ్వనిది ఒక్కరే. ముప్పై ఏళ్ల సర్వీసున్న డాక్టరమ్మ. తేల్చలేని చోట తేల్చినట్టు రాయడం ఆవిడకి చేతకాదు. 'ఖాయంగా చెప్పలేను' అని పెన్సిలుతో రాసి, నన్ను పిలిచి, "ఇంకో నాలుగు ముక్కలు లోతుగా కోసుకురా నాయనా" అంటారు. అందుకని విభాగంలో అందరూ ఆవిణ్ని చెప్పలేనమ్మగారు అంటారు. ఆవిడకి తెలుసు. ఏమీ అనుకోరు.

మంత్రిగారు ఫారం తీసి చూశారు. "అమ్మా, డెబ్భై రెండో నంబరు మీద నలుగురూ ఏదో ఒకటి రాశారు. మీరొక్కరే ఖాయంగా చెప్పలేనని రాశారు. ఎందుకని?"

"ఖాయంగా చెప్పలేను కనక, సార్."

"ప్రయత్నం చేశారా?"

"అరగంట చూశాను సార్. ముక్క ఏటవాలుగా పడింది, అడుగు కనిపించట్లేదు. ఇంకా లోతుగా కోయించి, వేరే రంగు వేయించి చూస్తే..."

"చూస్తే ఖాయంగా చెప్తారా?"

"చెప్పగలిగితే చెప్తాను."

మంత్రిగారు పీఏ వైపు తిరిగారు. "ఫారంలో ఈ 'చెప్పలేను' గడి పెట్టిందెవరు?"

"గత ప్రభుత్వం సార్."

"తీసెయ్యండి."

తీసేశారు. నలభై శాతం ఉన్న ఏకాభిప్రాయం ఒక్క రోజులో అరవై రెండుకి ఎగబాకింది. చెప్పలేనమ్మగారు ఫారం అంచున ఖాళీ చోట పెన్సిలుతో రాయడం మొదలుపెట్టారు. మంత్రిగారి కార్యాలయం వెంటనే స్పందించి, ఫారాల అంచులు కత్తిరించి పంపింది. ఇంత చురుకైన పాలన నేనెక్కడా చూడలేదు.

తరవాతి సంస్కరణ ఇంకా లోతైనది. ఐదుగురూ విడివిడిగా చూస్తే విడిపోతున్నారని గ్రహించి, ముందు పెద్ద డాక్టరుగారు చూసి తన మాట రాసి సంతకం పెట్టాలని, మిగతా నలుగురూ దాని కింద పెట్టాలని నిర్ణయించారు. అభిప్రాయ స్వేచ్ఛకి భంగం కలగకూడదు కదా, అందుకని కింద రెండు గడులు ఇచ్చారు. ఒకటి 'ఏకీభవిస్తున్నాను'. రెండోది 'పూర్తిగా ఏకీభవిస్తున్నాను'. ఎవరికి నచ్చింది వాళ్లు ఎంచుకోవచ్చు.

చెప్పలేనమ్మగారు రెండూ ఎంచుకోలేదు. ప్రభుత్వం ఆవిడ మీద ఏమాత్రం కక్ష పెట్టుకోకుండా, 'పాత దిమ్మల పరిరక్షణ ప్రత్యేకాధికారి'గా పదోన్నతి ఇచ్చి నేలమాళిగలోకి పంపింది. ఖాళీ అయిన ఐదో కుర్చీలోకి కోళ్ల గణాంకాల శాఖ నుంచి ఒక సమన్వయాధికారి వచ్చారు. పనిలో ఆయన వేగం చూసి తీరాలి. పూటకి అరవై స్లైడులతో పూర్తిగా ఏకీభవించేవారు. మైక్రోస్కోపుతో పనిలేదు కనక కళ్లకి శ్రమ కూడా లేదు.

ఏకాభిప్రాయం తొంభై ఆరుకి చేరి అక్కడ ఆగిపోయింది. ఆరా తీస్తే, మిగిలిన నాలుగు శాతానికీ కారణం పెద్ద డాక్టరుగారేనని తేలింది. ఉదయం చూసిన స్లైడే సాయంత్రం పరీక్షగా మళ్లీ పంపిస్తే, ఆయన పొరపాటున మైక్రోస్కోపులో చూస్తున్నారు.

ఆ నాలుగు శాతాన్ని జయించింది స్టిక్కరు. నిజం చెప్పాలంటే పీఏగారు దాన్ని కేవలం ప్రచారం కోసం తెచ్చారు. అంగుళం పొడుగు, అంగుళం వెడల్పు, మధ్యలో నవ్వుతున్న మంత్రిగారు, చుట్టూ 'ఏకాభిప్రాయం' అన్న అక్షరాలు. ప్రతి స్లైడు మీదా అంటించాలని ఉత్తర్వు. పీకినవాళ్లకి సస్పెన్షను, ఆపైన కేసు. కట్ట నా బల్ల మీద పెట్టారు.

"సార్, స్లైడు వెడల్పే అంగుళం," అన్నాను.

"సరిగ్గా సరిపోయిందన్నమాట."

"అది కాదు సార్, చోటు లేదు. ఒక కొసన నంబరుంటుంది. ఇంకో కొస క్లిప్పు పట్టుకోవాలి."

"అయితే మధ్యలో అంటించు."

"మధ్యలో ముక్క ఉంటుంది సార్."

పీఏగారు కొంచెం ఆలోచించారు. "మొత్తం కప్పేస్తుందా?"

"లేదు సార్. ఎడమపక్కకి జరిపితే సగం దాకా."

"మరింకేమయ్యా! ఎడమపక్కే అంటించు. మిగతా సగం మొత్తం డాక్టర్లకే వదిలేస్తున్నాం కదా!"

అంటించాను. చూసేది తగ్గేసరికి తేడాలూ తగ్గాయి. పెద్ద డాక్టరుగారు ఉదయం ఏమన్నారో సాయంత్రమూ అదే అన్నారు. మూడో వారం చివరికి లెక్క నూటికి నూరు చూపించింది.

అదే వారంలో మా అక్కకి కెమెరా పరీక్ష అయింది. చూపుడువేలి కొనంత బుడిపె దొరికితే అప్పుడే తీసేశారు. అక్క చీటీ మీది నంబరుతోనే అది మర్నాడు నా బల్ల మీదికొచ్చింది. సొంత అక్క పేగు ముక్కని మైనంలో బిగించి కోయడం ఎలా ఉంటుందో నేను రాయలేను. ఇరవై రెండేళ్లలో ఎప్పుడూ నేను ఒక్క ముక్కకి బ్లేడు మూడుసార్లు మార్చలేదు. ఆ రోజు మార్చాను.

రంగు సరిగ్గా పట్టిందో లేదో చూడటం నా పనే కనక ఒకసారి మైక్రోస్కోపు కింద పెట్టాను. రంగు బావుంది. ఎడమపక్క మూలలో మాత్రం ఊదా రంగు తీగలాంటిదేదో గులాబీ రంగులోకి దిగుతున్నట్టుంది. నేను డాక్టర్ని కాను. అదేమిటో ఆలోచించడం నా ఉద్యోగంలో లేదు. స్టిక్కరు అంటించడం ఉంది. ఎడమపక్కే అంటించాలని ఉత్తర్వు. అంటించాను. స్టిక్కరు తిన్నగానే పడింది. ఆ తీగ మంత్రిగారి నవ్వు కింద కనపడకుండా పోయింది.

రెండ్రోజుల్లో రిపోర్టొచ్చింది. 'పైపొరకే పరిమితం. తదుపరి చికిత్స అనవసరం.' ఐదు సంతకాలు. అందులో మూడు పూర్తి ఏకీభావాలు.

అక్క రిపోర్టు మడిచి మిషను సొరుగులో పెట్టుకుంది. "చూశావా, మీ మంత్రిగారి పుణ్యమా అని ఒక్క మాటతో తేలిపోయింది. జూన్లోగా నూట నలభై జతలు కుట్టాలి, ఈ పేగు గొడవతో కూచుంటే ఎట్లా?" అని పెడల్ తొక్కడం మొదలుపెట్టింది.

నాకు అన్నం సయించడం మానేసింది. పథకం మీద అపనమ్మకంతో కాదు. పథకం గొప్పదే. ఆ తీగ ఒక్కటే కళ్ల ముందునుంచి పోవడం లేదు. స్టిక్కరు అంటించిన చేతులు నావి. అక్కకేమైనా అయితే ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. అంతకన్నా భయం ఇంకేముంటుంది?

ముప్పయ్యో రోజున ఘనంగా సభ జరిగింది. మంత్రిగారికి పెద్ద డాక్టరుగారు శాలువా కప్పారు. వచ్చే ఏడాది నుంచి ప్రజలందరి రక్తపోటు కూడా ఒకటే ఉండేలా చర్యలు తీసుకుంటామని మంత్రిగారు ప్రకటించారు. చప్పట్లు కొట్టీ కొట్టీ నా అరచేతులు ఎర్రబడ్డాయి. ఆ చప్పట్లు ఆగకముందే వెనక గుమ్మంలోంచి బయటపడి, అక్క స్లైడు కాగితంలో చుట్టి, చొక్కా జేబులో పెట్టుకుని నేలమాళిగ మెట్లు దిగాను.

అక్కడ ఇనుప అరల్లో ముప్పై ఏళ్ల దిమ్మలు, మైనం వాసన, ఒక ట్యూబులైటు. చెప్పలేనమ్మగారు తన సొంత మైక్రోస్కోపు ముందు కూచున్నారు. పాతది, ఒకటే తల. స్లైడు ఇచ్చి ఎవరిదో చెప్పాను. ఆవిడ ఒక్క చూపు చూసి తల పైకెత్తారు.

"ఈ నవ్వు తీస్తేగానీ ఏమీ కనపడదు నాయనా."

"తీస్తే ఉద్యోగం పోతుందమ్మా."

"తియ్యకపోతే?"

గోరు పెట్టి ఒక మూల లేపాను, నెమ్మదిగా పీకాను. మంత్రిగారు నా చూపుడువేలికి అంటుకున్నారు. సరిగ్గా అప్పుడు మెట్ల మీద బూట్ల చప్పుడైంది. పీఏగారు వచ్చి నిలబడ్డారు. నా వేలు చూశారు, స్లైడు చూశారు.

"నువ్విక్కడేం చేస్తున్నావ్?"

ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఏం చెప్పాలో తోచక, "మీరేం చేస్తున్నారు సార్?" అన్నాను.

పీఏగారు అటూ ఇటూ చూసి, కోటు లోపలి జేబులోంచి చిన్న డబ్బా తీశారు. అందులో ఒక స్లైడు. దాని మీద నంబరు లేదు. స్టిక్కరు మాత్రం ఉంది.

"ఒక పెద్దాయనది," అన్నారు గొంతు తగ్గించి. "ఐదుగురూ పైపొరలోనే ఉందన్నారు. ఏకగ్రీవం. అప్పట్నించి ఆయనకి నిద్ర పట్టట్లేదమ్మా. మీరేమంటారో కనుక్కోమన్నారు."

"నా అభిప్రాయానికి ఫారంలో గడి లేదు కదండీ?"

"గడి లేకుండానే చెప్పండి."

"అయితే ఈ స్టిక్కరు పీకాలి."

ఆ ముఖం మీద గోరు పెట్టడానికి పీఏగారికి చెయ్యి రాలేదు. ఫోను తీసి మూలకెళ్లారు. నేలమాళిగలో సిగ్నలు సరిగ్గా అందదు కనక స్పీకరు పెట్టక తప్పలేదు. మైకు పట్టుకున్నప్పుడు విన్న గొంతే. ఆ గొంతు సంగతంతా వింది.

"పీకమను," అంది చివరికి. మళ్లీ వెంటనే, "చూశాక మళ్లీ అంటించమను. వంకర పోకుండా."

ఫోను జేబులో పెట్టుకుని పీఏగారు నావైపు తిరిగారు. "నువ్వేమీ చూడలేదు."

"లేదు సార్. మీరు?"

"నేనూ చూడలేదు."

ఫారం లేకుండా కుదిరిన ఏకాభిప్రాయం నా సర్వీసులో అదొక్కటే.

చెప్పలేనమ్మగారు మాత్రం వరస తప్పలేదు. ముందొచ్చింది మా అక్క స్లైడు కనక ముందు దాన్నే చూశారు. పద్దెనిమిది నిమిషాలు చూశారు. పీఏగారు మూడుసార్లు గడియారం చూసుకున్నారు. చివరికి ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఖాయంగా చెప్పలేను. ఇంకో నాలుగు ముక్కలు లోతుగా కోసుకురా," అన్నారు. ఆ మాట వినేసరికి నా గుండె కుదుటపడింది. ముప్పై రోజుల తరవాత ఆ భవనంలో ఒక మనిషి నిజంగా చూసి చెప్పిన మాట అది.

ఆ మధ్యాహ్నమే కోశాను. రంగు వేసి, స్టిక్కరు లేకుండా పట్టుకెళ్లాను. ఆవిడ నాలుగూ చూశారు.

"దిగింది నాయనా. కింది పొరలోకి బాగా దిగింది. పక్కనున్న సన్నటి నాళంలోకి కూడా దూరింది. ఆ పేగు భాగం తీయించాల్సిందే, ఆలస్యం చెయ్యొద్దు." నా భుజం మీద చెయ్యి వేశారు. "ఇప్పుడు ఖాయంగానే చెప్తున్నాను."

పాత దిమ్మల మధ్య స్టూలు మీద కూలబడి ఏడ్చాను. భయంతోనే ఏడ్చాను. అక్కకి ఇంకా టైముందన్న సంతోషం కూడా అందులో ఉంది. ఆవిడ పెన్సిలుతో ఒక చీటీ రాసిచ్చారు. సర్జనుగారు ఐదు సంతకాల రిపోర్టు పక్కన పెట్టి ఆ చీటీ చదివారు. "ఈ చేతిరాత నాకు తెలుసు," అని ఆ వారంలోనే ఆపరేషనుకి తేదీ ఇచ్చారు.

పీఏగారు తెచ్చిన స్లైడులో ఏముందో నేను చెప్పను. వృత్తి ధర్మం. దాని మీద స్టిక్కరు మళ్లీ అంటించింది మాత్రం నేనే, ఏమాత్రం వంకర పోలేదు. ఆ తరవాత నాలుగు రోజులకే మంత్రిగారు వరద నివారణ పద్ధతులు అధ్యయనం చేయడానికి విదేశాలకు వెళ్లారు. నెల్లాళ్లకి బాగా చిక్కి, మెల్లగా నడుస్తూ తిరిగొచ్చారు. ప్రజల కోసం అంతగా శ్రమించారని పత్రికలు రాశాయి.

ఆపరేషను తరవాత ఎనిమిదో రోజున అక్కని చూడటానికి వార్డుకి వెళ్లాను. దిండుకి చేరగిలబడి కూచుని, పేపరు చదువుతోంది. సర్జనుగారు మొత్తం వచ్చేసిందన్నారట. జావ తాగిస్తున్నారని, ఉప్పు బొత్తిగా వెయ్యట్లేదని నర్సు మీద ఫిర్యాదు చేసింది. అక్క ఫిర్యాదు చేస్తోందంటే కోలుకుంటున్నట్టే.

"రెండో నెల కూడా నూటికి నూరేనట కదరా," అంది పేపరు మడుస్తూ.

"ఔనక్కా."

"మరి నాది పైపొరలోనే ఉందని ఐదుగురూ ఒకే మాటగా అన్నారు కదా. ఏం చూసి అన్నార్రా?"

పర్సులోంచి స్టిక్కరు తీశాను. ఆ రోజు నా వేలికి అంటుకున్నదే. మంత్రిగారిది మళ్లీ అంటించాను గానీ దీన్ని అంటించలేదు. అక్క అరచేతిలో పెట్టాను. మంత్రిగారు నవ్వుతూనే ఉన్నారు.

అక్క దాన్ని కిటికీ వెలుగుకి పట్టి కాసేపు చూసింది. తరవాత, చేతికి ఏదొచ్చినా చేసే పనే కదా, తిరగేసి చూసింది.

వెనక కాస్త జిగురుంది.